నట్టూ బోల్టూ: స్టాండు వచ్చింది, బోల్టుల సంచి రాలేదు

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మా తమ్ముడు చాలా ఏళ్లు టెక్సాస్‌లో ఉండి ఈమధ్యే కుటుంబంతో తిరిగి వచ్చేశాడు. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి వాడిన ఇనుప స్టాండు కూడా సామానుతో పాటు ఓడలో వచ్చింది. మూడు మెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టు మీద ఒక పెద్ద గిన్నె, దాని కింద గ్యాసు బర్నరు. విప్పి కట్టిన సామానులో బోల్టుల సంచి, రెండు చక్రాలు, నడిమి బర్నరును పట్టే బ్రాకెట్లు కనిపించడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదట. ఇక్కడ బీరు కాచే ఉద్దేశం మాకు లేదు. మా కాలనీలో వినాయక చవితి అన్నదానానికి వంట స్టాండుగా వాడుకోవాలని ఉంది. దగ్గరలోని దుకాణంలో అడిగితే, ‘కన్నాలు పెద్దవి చేసి లావు బోల్టులు వేసేయండి, అడ్జస్ట్ అయిపోతుంది’ అన్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: డ్రిల్లు మిషను పెట్టెలోనే ఉంచండి. ‘అడ్జస్ట్ అయిపోతుంది’ అనే మాటను నిషేధించే అధికారమే నాకుంటే ముందు హార్డ్‌వేర్ దుకాణాల నుంచే మొదలుపెడతాను. పలచటి చదరపు గొట్టంలో కన్నం పెంచితే అంచున మిగిలే ఇనుము తగ్గిపోతుంది. మరుగుతున్న పప్పు గుండిగను మోయవలసిన చోట అది ప్రమాదం. కన్నం వెనక నట్టు వెల్డు చేసి ఉంటే డ్రిల్లు దాని మరల్ని కూడా తినేస్తుంది. ఇప్పుడు మీకు పోయింది బోల్టు ఒక్కటే, ఆ తరువాత నట్టు కూడా పోతుంది.

స్టాండును నేల మీద పరచి, ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో చూసుకుని సుద్దముక్కతో అంకెలు వేయండి. పోయిన బోల్టు కొలత దాన్ని పట్టుకునే కన్నంలోనే ఉంటుంది కాబట్టి ఒక్కో కన్నాన్నీ వేలితో తడిమి చూడండి. కొన్ని లోపల నున్నగా ఉంటాయి. కొన్నింట్లో మరలు వేలికి తగులుతాయి, లేదా వెనక నట్టు అతికించి ఉంటుంది. నున్నటి కన్నాలతో పేచీ లేదు. అక్కడ మన మిల్లీమీటర్ల బోల్టు, దానికి తగిన నట్టు, రెండు వైపులా వాషర్లు కలిపి కొత్త జత వేసుకోండి. పావు అంగుళం బోల్టు కన్నంలో ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల లావుది), 5/16 అంగుళం కన్నంలో ఎం8 మామూలుగా దూరిపోతాయి. 3/8 కన్నంలో ఎం10 కాస్త బిగుసుకుంటే ఆకురాయితో రెండు పట్లు పడితే చాలు. కదలికకు వదులు కాకుండా నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు వేయండి. అయితే మంటకు దగ్గరగా ఉన్న చోట ఆ నైలాన్ కరిగిపోతుంది, అక్కడ పూర్తి ఇనుప లాక్ నట్టు గానీ స్ప్రింగ్ వాషరు గానీ వాడాలి.

చిక్కంతా మరలున్న కన్నాలతోనే. అమెరికాలో చేసిన స్టాండు కాబట్టి అవి అంగుళాల లెక్కలో ఉంటాయి. 5/16 అంగుళమంటే 7.94 మిల్లీమీటర్లు. ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటి దానికి అంగుళానికి 18 మరలు, రెండో దానికి 20 పైచిలుకు. ఎం8ను ఆ నట్టులో పెట్టి తిప్పితే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తరువాత బిర్రబిగుస్తుంది. అక్కడే చాలామంది పానా అందుకుంటారు. పానా బలానికి బోల్టు లోపలికి వెళ్తుంది కూడా, వెళ్తూ వెళ్తూ నట్టులో మరల్ని కోసేస్తుంది. పైకి గట్టిగా పట్టినట్టే కనిపించే ఆ బోల్టు బరువు పడ్డ రోజు ఊడి వస్తుంది. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతో తిరగని బోల్టు ఆ కన్నానిది కాదని తేల్చుకోండి.

నట్టు అతికించి ఉన్న చిన్న ముక్క ఒకటి విడిగా వస్తే దాన్ని సంచిలో వేసుకుని సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ వెళ్లండి. దుకాణంలో సూత్‌ల (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్కన అడిగితే పని త్వరగా అవుతుంది. పావు అంగుళం రెండు సూత్‌లు, 5/16 రెండున్నర, 3/8 మూడు. అక్కడ మీకు ఇచ్చే అంగుళాల బోల్టు చాలా సార్లు అమెరికా మరది కాదు, పాత బ్రిటిష్ విట్‌వర్త్ మరది. కంగారు పడకండి. ఈ మూడు సైజుల్లోనూ రెండు పద్ధతులకూ అంగుళానికి మరల లెక్క ఒకటే: 20, 18, 16. మర కోణం మాత్రం అమెరికా దానిది 60 డిగ్రీలు, విట్‌వర్త్‌ది 55. వంట స్టాండు లాంటి పనికి ఆ తేడా అడ్డు రాదు. వేళ్లతో తిరిగితే తీసుకోండి.

గేజీ లేకుండా మర సరిచూసే పద్ధతి ఒకటి సనత్‌నగర్ షెడ్లలో ఫిట్టరుగా చేరిన కొత్తలో మా మేస్త్రీ చూపించాడు. సైజు తెలిసిన బోల్టును, తెలియని బోల్టును పక్కపక్కన ఆనించి మర మీద మర కూర్చోబెట్టాలి. అలాగే పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. ఒకే మర అయితే రెండింటి పళ్లూ ఒకదాంట్లో ఒకటి ఒదిగి నల్లటి గీతలా కనిపిస్తాయి. వేరే మర అయితే మొదటి రెండు మూడు పళ్లు కుదిరినట్టే ఉండి, అటుపైన సందుల్లోంచి వెలుతురు తొంగి చూస్తుంది. రాణీగంజ్‌లో పాతకాపు దుకాణదారులు ఇప్పటికీ ఇలాగే చూస్తారు. మాట్లాడుతూనే, బోల్టు వంక ఒక్క క్షణం చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కి ఇచ్చేస్తారు. అలాంటి మనిషి దొరికిన దుకాణాన్ని వదలకండి.

ఇక చక్రాలు. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని విప్పి దాని కాడ చూడండి. 3/8 అయితే పైన చెప్పినదే వర్తిస్తుంది. అర అంగుళం అయితే మాత్రం ఆ సూత్రం పనికిరాదు. అమెరికా అర అంగుళం మరకు అంగుళానికి 13, విట్‌వర్త్‌కు 12. రెండూ కలవవు. పోనీ ఎం12 వేద్దామంటే అది సన్నం, వదులుగా జారుతుంది, నాలుగు మరల అంచుల మీద వేలాడుతూ కూర్చుంటుంది. ఇక్కడ నా సలహా, పోయిన రెండు చక్రాలకు జత వెతకడం మానేసి నాలుగూ మార్చేయండి. నాలుగు కాళ్ల అడుగునా నాలుగంగుళాల చదరపు పట్టీ వెల్డు చేయించి, నాలుగు బోల్టులతో బిగించే పళ్లెం రకం చక్రాలు వేయించండి. ఎత్తు కూడా సమానంగా వస్తుంది. రెండు తిరిగేవి, బ్రేకు ఉన్నవి, రెండు తిరగనివి చాలు.

చక్రం మీద రాసిన బరువును నాలుగుతో హెచ్చవేసి సంతోషపడకండి. మన నేలలు ఎగుడుదిగుళ్లు, ఏ క్షణాన చూసినా ఒక చక్రం గాలిలోనే ఉంటుంది. మొత్తం బరువును మూడుతో భాగించండి. గిన్నెకు 40 లీటర్ల చొప్పున మూడు గిన్నెల్లో 120 కిలోలు, గిన్నెలూ స్టాండూ కలిపి మరో 60 అనుకుందాం. 180ని మూడుతో భాగిస్తే 60. కాబట్టి ఒక్కోటి కనీసం 75 కిలోలు మోసేది తీసుకోండి, 100 అయితే నిశ్చింత. కింది బర్నరు వేడి చక్రాల మీదికి దిగుతుంది గనుక రబ్బరు, నైలాన్ వద్దు, పోత ఇనుము చక్రాలు అడగండి. టైల్స్ మీద అవి గీతలు పెడతాయి, సిమెంటు నేల మీద ఇబ్బంది లేదు. పొయ్యి వెలిగాక స్టాండును తోయకూడదని వంట వాళ్లకు ముందే చెప్పండి.

బ్రాకెట్లకు కంపెనీని వెతకనవసరం లేదు. పై బర్నరుకూ కింది బర్నరుకూ బ్రాకెట్లు ఉన్నాయి కదా, ఒకటి విప్పి అట్టముక్క మీద పెట్టి గీత గీసి, కన్నాలు గుర్తు పెట్టి, ఆ అట్టనూ అసలు ముక్కనూ కలిపి బాలానగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు ఇవ్వండి. కాగితం మీద కొలతలు రాసి ఇవ్వడం కన్నా ఇది మేలు. ఒక్క మార్పు చేయించండి. బర్నరు బిగించే కన్నాన్ని గుండ్రంగా కాకుండా నిలువుగా సాగదీసి కోయించండి. మీ గిన్నెలు అమెరికా గిన్నెల లోతులో ఉండవు. మంట అడుగును తాకే ఎత్తు ఎంతో వెలిగించి చూసుకుని అప్పుడు బిగించుకోవచ్చు. గిన్నెకు మసి పడుతుంటే బర్నరు మరీ దగ్గరగా ఉందని, లేదా బర్నరులోకి గాలిని వదిలే రేకు సరిగా తెరుచుకోలేదని లెక్క.

మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ఆ మూడు మెట్లూ వంట కోసం పెట్టినవి కావు. పై గిన్నెలో వేడినీళ్లు, నడిమి గిన్నెలో మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, 65 డిగ్రీల చుట్టూ వేడిలో నానుతుంది. ఆ రసాన్ని అడుగు గిన్నెలో హాప్స్ పువ్వులతో గంటసేపు మరిగిస్తారు. నీళ్లు పంపు లేకుండా వాటంతటవే కిందికి దిగాలని ఆ ఎత్తు. అక్కడ గరిటె పని తక్కువ, కుళాయి తిప్పడమే ఎక్కువ. మీరు పై మెట్టు మీద పప్పు పెట్టి, ఎవరో కుర్రాడు స్టూలెక్కి భుజాల ఎత్తున కలిపే పరిస్థితి తెచ్చుకోకండి. పైన కుళాయి ఉన్న గిన్నెలో నీళ్లు మాత్రమే కాచండి. పప్పు, పులిహోర అన్నం అడుగు మెట్టు మీదే.

ప్రశ్న: విదేశం వెళ్లిపోతున్న సహోద్యోగి దగ్గర ఇలాంటి స్టాండే కొన్నాను. మూడు బర్నర్లలో ఒకటి లేదు. దానితో వచ్చిన ఎర్ర రెగ్యులేటరు మన సిలిండరుకు పట్టడం లేదు. కొస కోసి మన నాజిల్ తగిలించి ఇస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: అనకండి. బోల్టుల దగ్గరైతే కుదురుతుందా లేదా అని వాదించుకోవచ్చు, గ్యాసు దగ్గర అతుకు అనే మాటే వద్దు. సిలిండరు నుంచి స్టాండు దాకా ఉన్న గొట్టం, రెగ్యులేటరు మొత్తం తీసేసి ఇక్కడివి కొత్తవి వేయించండి.

బర్నరు కొనే ముందు మీ దగ్గరున్నవి ఏ రకమో తెలుసుకోవాలి. అక్కడి స్టాండ్లు ఎక్కువ ఒత్తిడి ప్రొపేన్‌తో నడిచేవి ఉంటాయి, పైపు గ్యాసుకు చేసినవీ ఉంటాయి. తేడా అంతా బర్నరు మొదట్లో ఇత్తడి జెట్టుకున్న కన్నంలో ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి రకానికి సూది మొన అంత కన్నం. దాన్ని 30 మిల్లీబార్లు ఇచ్చే మన ఇంటి రెగ్యులేటరుకు తగిలిస్తే దీపపు వత్తిలా వెలుగుతుంది. పైపు గ్యాసు జెట్టుకు కన్నం పెద్దది. దానికి సిలిండరు గ్యాసు ఇస్తే పసుపు రంగు మంట ఎగసి గిన్నెంతా మసి చేస్తుంది. ఒకే గొట్టం నుంచి మూడింటికీ ఒకే ఒత్తిడి వెళ్తుంది గనుక మూడు బర్నర్లూ ఒకే రకంవి కావాలి. ఆ ఒక్కదానికి జత దొరకకపోతే మూడూ తీసేసి, బేగంబజార్‌లో హోటల్ సామాను అమ్మే చోట మూడు భట్టీ బర్నర్లు, వాటికి తగిన జెట్లు తెచ్చుకోవడమే చవక. పాత బర్నర్లను పోత ఇనుము కింద అమ్మేయవచ్చు.

ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరుకు ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరు తగిలించకూడదు. ఇలాంటి స్టాండుకు 19 కిలోల వాణిజ్య సిలిండరే సరైనది. సిలిండరు నిలువుగానే ఉండాలి, స్టాండు కింద దూర్చకుండా దూరంగా పెట్టండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేలబారున పాకి గుంటల్లో నిలుస్తుంది. సెల్లారులో ఈ స్టాండు వెలిగించడం ఆత్మహత్యతో సమానం. అన్నీ బిగించాక సబ్బు నురగ ప్రతి జాయింటుకూ పూసి చూడండి, అగ్గిపుల్ల గీసి కాదు. లీకని అనుమానం వస్తే కవాటం మూసి 1906కు ఫోను చేయండి.

ప్రశ్న: నేను ఫంక్షన్లకు ఇరానీ చాయ్ కాచి పంపిస్తాను. డికాక్షన్ కోసం కుళాయి ఉన్న 40 లీటర్ల అమెరికా స్టీలు గిన్నె కొన్నాను. కుళాయి విరిగిపోతే ఇక్కడి అర అంగుళం ఇత్తడి బాల్ వాల్వు వేయించాను. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా చుక్కలు పడుతూనే ఉన్నాయి. లోపం ప్లంబరుదా, వాల్వుదా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. అమెరికా పైపు మర ఎన్‌పీటీ, మన పైపు మర బీఎస్‌పీ. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే ఉంటాయి. అందుకే ప్లంబరుకు అనుమానం రాలేదు, మూడు నాలుగు చుట్లు సాఫీగానే ఎక్కి ఉంటుంది. కోణం వేరు కావడంతో మర అంచులు పూర్తిగా ఆనవు. ఆ సన్నటి సందులో నీళ్లు మెలికలు తిరుగుతూ బయటికి వస్తాయి. టేపు చల్లటి నీళ్లను కొన్నాళ్లు ఆపుతుంది. వేడెక్కి చల్లారే గిన్నె దగ్గర అది కూడా ఆపలేదు. ఒక వైపు ఎన్‌పీటీ, మరో వైపు బీఎస్‌పీ ఉన్న అడాప్టరు అడగండి. రాణీగంజ్‌లో హైడ్రాలిక్ ఫిట్టింగులు అమ్మే దుకాణాలకు ఈ మాట కొత్త కాదు. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ఇత్తడి మానేసి 304 స్టీలు వాల్వు వేయించండి. ఇత్తడిలో కొద్దిగా సీసం కలిసి ఉండవచ్చు, పూటల తరబడి వేడి డికాక్షన్ నిలవ ఉండే చోట అది వద్దు. వాల్వు మధ్యలో విడిపోయే మూడు ముక్కల రకం దొరికితే మరీ మంచిది, బంతి వెనక పేరుకునే చాయ్ మడ్డిని విప్పి కడగవచ్చు.

ప్రశ్న: అమెరికాలో మా బాబాయి గారు ఇంట్లోనే బీరు కాస్తారు. నేను కూడా స్టాండు చేయించుకుని మొదలుపెడదామనుకుంటున్నాను. మీరు డ్రాయింగు ఇస్తారా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఇవ్వను. మీ బాబాయి గారికి అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో కాచుకునే బీరుకు సమాఖ్య పన్ను మినహాయింపు వచ్చింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200. అమ్మకం కుదరదు. ఇక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడమే నేరం. సొంతానికే కదా అన్న వాదన నిలవదు. తాటి చెట్టు ఎక్కి కల్లు గీసే వాళ్లకే లైసెన్సు కావాలి, మనమెంత. అల్లం షర్బతు కాచడానికైతే స్టాండు అక్కర్లేదు, వంటింటి పొయ్యి చాలు.

ప్రశ్న: స్టాండుకు తుప్పు పట్టకూడదని బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను. రెండు నట్లు సగంలో ఇరుక్కుపోయి ముందుకీ వెనక్కీ రావడం లేదు. నూనె వేసినా లాభం లేదు. విరిగిన ఒక కాలు స్థానంలో జీఐ పైపు వెల్డు చేయించవచ్చా అన్నది రెండో ప్రశ్న.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: స్టీలు బోల్టు మీద స్టీలు నట్టును వేగంగా తిప్పితే మరలు వేడెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ రెండూ ఇక రావు, హాక్సాతో కోసేయండి. మిగిలిన వాటికి కొద్దిగా రాగి గ్రీజు పూసి, మిషనుతో కాకుండా చేతిపానాతో నెమ్మదిగా బిగించండి. గ్రీజు దొరకకపోతే నట్టు మాత్రం మామూలు జింకు పూతది వేసుకోండి, ఇరుక్కోదు.

జీఐ పైపు వద్దు. దాని మీద ఉన్న జింకు పూత వెల్డింగు వేడికి తెల్లటి పొగగా లేస్తుంది. అది పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. తరువాత బర్నరు పక్కన కూడా పూత నిలవదు. పూత లేని నల్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) చదరపు గొట్టం, మిగిలిన మూడు కాళ్ల మందంలోనే తీసుకుని వేయించండి. పైన సైలెన్సర్లకు వేసే, వేడి తట్టుకునే నల్ల పెయింటు రెండు పూతలు. ఖాళీ గిన్నె పెట్టి ఒకసారి ఆరుబయట వెలిగించి, పెయింటు వాసన పూర్తిగా పోయాక వంట మొదలుపెట్టండి.